లిఫ్టాయన చెప్పిన అవును

ఆసుపత్రి హాస్టల్, మేడ మీది గది
ఆదివారం సాయంత్రం

అక్కా,

చేరాను. నువ్వు పంపిన ట్రంకు పెట్టె కూడా చేరింది. నువ్వు కట్టిన తాడు విప్పడానికే సగం పూట పట్టింది. ఆ ముడులు ఎవరి మీద కోపంతో వేశావో గానీ, చివరికి నా గదిలో ఉండే నర్సింగ్ అమ్మాయి కత్తెర తెచ్చి కోసేసింది. కాలేజీ నుంచి నేరుగా ఇటే రమ్మన్నారు కాబట్టి ఇంటికి రాలేకపోయాను, ఏమనుకోకు. కిటికీ తెరిస్తే ఆసుపత్రి బట్టలు ఉతికే షెడ్డు కనిపిస్తుంది. ఫోను వార్డెన్ గదిలో ఉంది. ఆవిడ పక్కనే కూర్చుని చెవులు రిక్కించి వింటుందట, అందుకని మనకి ఉత్తరాలే గతి. అదీ మంచిదే. ఫోనులో నేను వాగుతూనే ఉంటాను, నువ్వు ఊఁ కొడుతూ కూరగాయలు తరుక్కుంటూ ఉంటావు.

మాట తెప్పించే వైద్యం గురించి ఇన్నాళ్ళూ పుస్తకాల్లో చదివిందంతా ఇప్పుడు మనుషుల దగ్గర చూడబోతున్నాను. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళ వార్డు నాది. ఇక్కడ పని పూర్తి చేస్తేనే పట్టా చేతికొస్తుంది. తెల్లకోటు ఇచ్చారు, భుజాల దగ్గర బాగా వదులు. అద్దంలో చూసుకుని నాకు నేనే నమస్కారం పెట్టుకున్నాను. నవ్వకు.

నాకు ఒప్పజెప్పిన మొదటి పేషెంటు ఒక పెద్దాయన. పాత ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడట, వార్డులో అందరూ లిఫ్టాయన అనే అంటారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది: "తలుపేయండి." ఆకలేసినా అదే, నొప్పి పుట్టినా అదే. నిన్న పెద్ద డాక్టరుగారు వస్తే ఆయన్ని కూడా "తలుపేయండి" అన్నాడు. డాక్టరుగారు నిజంగానే వెనక్కి వెళ్ళి తలుపు మూసొచ్చారు. ఆయన భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతూ ఉంటుంది. దర్జీల దగ్గర్నుంచి తెచ్చుకునే పని. నన్ను చూసి, "ఈ అమ్మాయి మా ఆయనకి మాట తెప్పిస్తుందా?" అని నర్సుని అడిగింది. నేను మధ్యలో దూరి "తెప్పిస్తానండీ" అనేశాను. అలా అనకూడదని తరవాత వార్డులో మాకు పని నేర్పే మేడమ్ పక్కకి పిలిచి చెప్పారు. అయినా తెప్పిస్తాను చూడు.

అన్నట్టు, పెట్టె మీద అడ్రసు బావ చేత రాయించలేదేం? ఊరంతటికీ బోర్డులు రాసే మనిషి ఇంట్లో ఉండగా నా పెట్టెకి నీ కోడిగీతలు ఏం ఖర్మ? గట్టిగా అడిగానని చెప్పు.

నీ
వాగుడుకాయ


ఇల్లు
గురువారం

వాగుడుకాయా,

మాట రానివాళ్ళ దగ్గరికి నిన్ను పంపాలని ఎవరికి తట్టిందో గానీ, పాపం వాళ్ళకి వచ్చిన ఒకటీ అరా మాట కూడా నీ ముందు చెప్పుకునే సందు దొరకదు. చిన్నప్పుడు అమ్మ నీ నోరు తెరిపించి చూసేది, నాలుక ఎక్కడ మొదలవుతుందోనని. ఆ నాలుకకే ఇప్పుడు పట్టా ఇస్తారన్నమాట.

మీ బావకి తీరిక లేదు. పనులు మీద పడ్డాయి. కుంచె పట్టీ పట్టీ చేతులు లాగేస్తున్నాయంటున్నారు, అందుకే పెట్టె మీద నేనే రాశాను. పార్సిలువాడికి అర్థమైంది, నీకు చేరింది, ఇంకేం కావాలి? జిరాక్సు కొట్టు ఈమధ్య ఒక పూటే తెరుస్తున్నాను. ఎండలకి జనం రావట్లేదు, ఇంట్లో కూడా పని ఉంటోంది.

ఆవిడకి మాట తెప్పిస్తానని చెప్పేశావు, బాగానే ఉంది. ఆవిడ ముఖం చూసి చెప్పావా, నీ తెల్లకోటు చూసుకుని చెప్పావా? అలాంటి మాట విన్నవాళ్ళు దాన్నే పట్టుకుని కూర్చుంటారే. నువ్వు చెప్పి మరిచిపోతావు, వాళ్ళు మరిచిపోరు.

వేళకి తిను. ఇక్కడ అంతా మామూలే.

అక్క


హాస్టల్
శనివారం

అక్కా,

నేను వచ్చేస్తాను. ఈ పని నా వల్ల కాదు.

రోజూ ఆయన ముందు వస్తువులు పరిచి కూర్చుంటాను. కప్పు, దువ్వెన, తాళంచెవి. ఆయన కప్పు వంక చూస్తాడు, పెదాలు కదుపుతాడు, మెడ నరాలు ఉబ్బుతాయి, చివరికి "తలుపేయండి" అంటాడు. అనేసి, అది కాదని తనకే తెలిసి, ముఖం గోడవైపు తిప్పేసుకుంటాడు. ఆ ముఖం చూడలేక నేనే అందించేస్తున్నాను. "కప్పు కదండీ, కప్పు." ఆయన తల ఊపుతాడు. నాకు హాయిగా ఉంటుంది.

నిన్న మేడమ్ వెనక నుంచి ఇదంతా చూశారు. నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, "నువ్వు ఆయనకి సాయం చేయడం లేదు, ఆయన నోటి దగ్గరది లాక్కుంటున్నావు" అన్నారు. జేబులోంచి ఒక పిప్పరమెంటు బిళ్ళ తీసి ఇచ్చారు. ఆయన్ని అడగ్గానే అది నోట్లో వేసుకోవాలట, కరిగేదాకా నోరు మెదపకూడదట. అక్కా, ఆ బిళ్ళ కరగడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలియదు. ఎదురుగా ఒక మనిషి మునిగిపోతున్నట్టు ఉంటుంది, నేను బిళ్ళ చప్పరిస్తూ కూర్చోవాలి.

ఆయన భార్య రోజూ సాయంత్రం సూది ఆపి, "ఇవాళ ఏమైనా అన్నారా అమ్మాయీ?" అని అడుగుతుంది. నువ్వు రాసింది నిజమే, ఆవిడ మరిచిపోలేదు. నిన్న బట్టల షెడ్డులోకి వెళ్ళి, ఆరేసిన దుప్పట్ల వెనక నిలబడి ఏడ్చాను. అక్కడ మా క్లాసు అబ్బాయి ఒకడు అప్పటికే ఏడుస్తున్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు నటించి వచ్చేశాం.

మేడమ్‌కి అన్నీ తెలుస్తాయి. "ఇది వార్డుకొచ్చే పిల్లలందరికీ వచ్చే జ్వరమే" అన్నారు. మొదట సంబరం, తరవాత ఏడుపు, ఆ తరవాత పొగరు వస్తుందట. ఏడుపు దానంతట అదే తగ్గుతుంది గానీ పొగరుకి మందు లేదన్నారు. నాకు పొగరు వచ్చేదాకా ఇక్కడ ఉండే ఓపిక లేదు. వచ్చే వారం బస్సెక్కేస్తాను. కొట్టులో నీకు సాయంగా ఉంటాను, బావ నిచ్చెన పట్టుకుంటాను. ఈ కోటు మాత్రం నాకొద్దు.

నీ చెల్లి


ఇల్లు
మంగళవారం

రావద్దు.

వినిపించిందా? పెట్టె సర్ది ఉంటే విప్పెయ్. బస్సెక్కావని తెలిస్తే గుమ్మంలోనే నిలబెట్టి వెనక్కి పంపుతాను. ఏడుపొస్తే ఏడువు. ఆ దుప్పట్లు ఎలాగూ తడిగానే ఉంటాయి. కానీ చదువు మధ్యలో వదిలేసి ఈ ఇంటికి రావడానికి వీల్లేదు. ఇక్కడ నీకు పనేమీ లేదు. కొట్టు నేను చూసుకుంటాను, నిచ్చెన ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

కోపంగా రాశానని బాధపడకు. నిన్నొక్కదాన్నయినా ఒడ్డున చూడాలని ఉంది నాకు.

ఒక సంగతి అడగాలి. మా కొట్టుకొచ్చే ఒకావిడ ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నాడట. బాగా ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి ఆవిడకి తల ప్రాణం తోకకొస్తోందట. కాళ్ళలో అసలు పట్టు లేదు. మీ ఆసుపత్రిలో ఏదైనా పద్ధతి ఉంటే కనుక్కుని రాయి. తొందరగా రాస్తే మంచిది, ఆవిడ రోజూ అడుగుతోంది.

అక్క


హాస్టల్
బుధవారం

అక్కా,

వెనక్కి పంపనక్కర్లేదు, రావట్లేదు. పిప్పరమెంటు పనిచేసింది. మొన్న నేను నోరు మూసుకుని కూర్చుంటే ఆయన దువ్వెన తీసి, ఎడమ చేత్తో తల దువ్వుకుని, నావైపు చూసి "దు" అన్నాడు. అంతే, "దు". ఆవిడ చేతిలోంచి చొక్కా జారిపోయింది.

ముందు మీ కొట్టావిడ సంగతి. వార్డులో కసరత్తులు చేయించే సార్‌ని అడిగాను. కాళ్ళలో పట్టు లేకపోతే లేపడానికి ప్రయత్నించొద్దన్నారు, ఆవిడ నడుం విరుగుతుంది. నున్నటి చెక్క పలక ఒకటి తెచ్చి, మంచానికీ కుర్చీకీ మధ్య వంతెనలా వెయ్యాలి. ఆయన్ని దాని మీదికి ఒరిగించి, నడుముకి చుట్టిన తువ్వాలు పట్టుకుని మెల్లగా జరపాలి. చంకల్లో చేతులు వేసి లాగకూడదు. ఆవిడ వంగాల్సింది మోకాళ్ళ దగ్గర, నడుం దగ్గర కాదు. ఆయన లావుగా ఉంటే ఆవిడని ముందు నాలుగు ముద్దలు ఎక్కువ తినమను.

ఇక అసలు సంగతి. లిఫ్టాయన్ని పంపించేసే వేళ వచ్చింది, మంచం ఇంకొకరికి కావాలి. చిక్కేమిటంటే, జీవితమంతా లిఫ్టు నడిపిన మనిషి ఇల్లు మూడో అంతస్తులో ఉంది, ఆ ఇంటికి లిఫ్టు లేదు. వేరే ఊళ్ళో ఉన్న కొడుకు వచ్చాడు. మంచివాడే. అతని ఇల్లు కింది వాటా, పగలంతా చూసుకోవడానికి మనిషిని పెడతానన్నాడు. కానీ అందులో ఇప్పటికే అతని పిల్లలూ అత్తగారూ ఉన్నారు, ఒక్కరికే చోటు. తల్లి ఇక్కడే ఉండి అప్పుడప్పుడు చూసి రావాలి.

పెద్ద డాక్టరుగారు, "మరి ఆయన ఇష్టం ఏమిటి?" అన్నారు. మేడమ్ సెలవులో ఉన్నారు. అందరూ నావైపు చూశారు అక్కా. నేను ముందుకెళ్ళి, ఆయన కళ్ళలోకి చూసి, నిదానంగా అడిగాను. "మీ అబ్బాయి దగ్గరికి వెళ్తారా?" ఆయన గట్టిగా తల ఊపాడు. కొడుకు చెయ్యి పట్టుకుని గుండెకి ఆనించుకున్నాడు. కొడుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. డాక్టరుగారు కాగితం మీద రాసేసి, "మంచి పని చేశావమ్మా" అన్నారు. వార్డంతా వినేలా అన్నారు. ఆవిడ మాత్రం తల వంచుకుని కాజా కుడుతూనే ఉంది. సంతోషం పైకి చూపించే మనిషి కాదులే.

నా కాళ్ళు నేల మీద లేవు. బావకి చెప్పు, మరదలు పెద్దదైపోయిందని.

నీ చెల్లి


ఇల్లు
సోమవారం

వాగుడుకాయా,

పలక పనిచేసిందట. ఆవిడ ఇంట్లో పాత షాపు బోర్డు ఒకటి ఉంటే, రంగు గీకించి, చిత్రిక పట్టించి వాడుతోంది. మీ సార్‌కి దణ్ణాలు చెప్పమంది. నిన్నటి నుంచి కాస్త నడుం ఆనుస్తోంది.

లిఫ్టాయన అవునన్నాడంటే నాకూ తేలికగా అనిపించింది. ఆవిడ తల ఎందుకు వంచుకుందో నువ్వు మరీ ఆలోచించకు. ఎన్నాళ్ళకో ఊపిరి పీల్చుకుని ఉంటుంది.

బావ సంతోషించారు.

అక్క


హాస్టల్
శుక్రవారం

అక్కా,

నేను చేసిన పని వింటే నువ్వు కూడా నా ముఖం చూడవు.

మేడమ్ సెలవు నుంచి వచ్చారు. అంతా చెప్పాను, మెచ్చుకుంటారని. ఆవిడ ఒక్కటే అడిగారు: "తిప్పి అడిగావా?" అడగలేదు అక్కా. ఇలాంటి జబ్బులో కొందరికి తల అటూ ఇటూ ఆడించడం పోతుంది, పైకీ కిందకీ ఊపడమే మిగులుతుంది. అందుకే ఏ ప్రశ్ననైనా రెండు వైపుల నుంచీ అడగాలి. ఇది మాకు మొదటి పాఠం. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేశారు.

ఇద్దరం వెళ్ళాం. మేడమ్ అడిగారు, "మీరు లిఫ్టు నడిపేవారా?" తల ఊపాడు. "మీరు డాక్టరా?" తల ఊపాడు. "ఈ అమ్మాయి మీ అమ్మా?" దానికీ ఊపాడు, పైగా నావైపు చూసి మర్యాదగా నవ్వాడు.

మేడమ్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయన ఇంటి ఫోటో, కొడుకింటి ఫోటో తెప్పించుకుని నన్నే నెమ్మదిగా అడగమన్నారు. ఏం తేలిందో సోమవారం అందరూ కూర్చున్నప్పుడు నా నోటితోనే చెప్పాలి. నేను రాయించిన అవునుని నేనే సరిదిద్దాలన్నారు. ఫోటోలు రెండూ దుప్పటి మీద పెట్టాను. ఆయన ఎడమ అరచెయ్యి తన ఇంటి ఫోటో మీద వేశాడు. రెండోదాన్ని వేళ్ళతో నేల మీదికి తోసేశాడు. చోటు మార్చి పెట్టాను, మళ్ళీ అంతే. మర్నాడూ అంతే.

ఆవిడ కుళాయి దగ్గర ఫ్లాస్కు కడుగుతుంటే వెళ్ళి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసమ్మాయీ," అంది. "ఆయన అలా తల ఊపితే అవునని కాదు, ఇక అడగడం ఆపమని. జబ్బు రాకముందూ అంతే." మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదన్నాను. ఆవిడ ఫ్లాస్కు బోర్లించి, చేతులు తుడుచుకుని, "ఆ అవునుని అలా ఉండనీ తల్లీ. నేను ఆయన్ని మొయ్యలేను" అంది. "నువ్వు అడిగావు, ఆయన ఊపాడు, డాక్టరు రాశాడు. నేను పంపేశానని ఎవరూ అనరు, నేనూ అనుకోనక్కర్లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది స్వార్థం కాదా? ఆయనకి నోరు లేదు కదా అని, అందరూ కలిసి ఆయన్ని మూట కట్టి పంపించేస్తారా? ఆయన ఇల్లు అది. సోమవారం అందరి ముందూ చెప్పేస్తాను.

నీ చెల్లి


ఇల్లు
ఆదివారం

చెల్లీ,

చెప్పకు. ఈ ఉత్తరం నీకు సోమవారం లోపల అందదని తెలుసు. అయినా రాస్తున్నాను, ఎవరితోనైనా చెప్పకపోతే నా తల పగిలిపోయేలా ఉంది.

కొట్టుకొచ్చే ఆవిడెవరూ లేరు. మీ బావ నిచ్చెన మీంచి పడ్డారు. నీ పెట్టె సర్దుతున్న రోజుల్లోనే, ఒక బట్టల కొట్టు బోర్డు రాస్తూ. నడుం కింద స్పర్శ లేదు. వస్తుందేమో చూద్దామన్నారు డాక్టర్లు, చూస్తూనే ఉన్నాం. నీకు చెబితే వచ్చేస్తావని చెప్పలేదు. నువ్వు రాసిన పలక మా ఇంట్లోనే ఉంది. ఆ బోర్డు కూడా ఆయన రాసిందే. గీకించేటప్పుడు ఆయన అటువైపు తిరిగి పడుకున్నారు.

స్వార్థం అన్నావు. ఆ మాట ఆవిడ ముందు అనలేదు కదా? ఒక మనిషిని ఎత్తడం అంటే ఏమిటో నీకు తెలుసా? పద్ధతి తెలుసు నీకు. మోకాళ్ళు ఎక్కడ వంచాలో తెలుసు. పక్క మీద పుండు పడకుండా తిప్పుతూనే ఉండాలి. ఒళ్ళు తుడవాలి, గుడ్డలు మార్చాలి, అవి ఉతకాలి, ఉతికినవి ఆరకముందే మళ్ళీ మార్చాలి. ఆయన ఏమీ అనరు. అనకపోవడమే నన్ను చంపుతోంది. ఎత్తేటప్పుడు నా మెడ చుట్టూ చేతులు వేస్తారు. ఆ చేతులంటే నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు, పెళ్ళిచూపుల్లో చూసింది వాటినే. ఇప్పుడు అవి పైకి లేస్తుంటే నా మెడ ముందే నొప్పి మొదలుపెడుతుంది.

నువ్వు ఇంకొన్నాళ్ళకి ఆ కోటు విప్పి వార్డెన్‌కి ఇచ్చేసి వెళ్ళిపోతావు. నువ్వు చెప్పిన నిజాన్ని మూడంతస్తులు మోసేది ఆవిడ. ఆయనకి ఇల్లు కావాలి, నిజమే. ఆవిడకి ఏం కావాలో ఒక్కరైనా అడిగారా, తిప్పి గానీ తిప్పకుండా గానీ?

అక్క


హాస్టల్
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. నేను మొన్ననే చెప్పేశాను.

కొడుకు ముఖం పాలిపోయింది. "నాన్న ఇష్టమే నా ఇష్టం" అన్నాడు పాపం. డాక్టరుగారు కాగితం కొట్టేసి మళ్ళీ రాశారు. ఆవిడ చేతిలోని సూదిని చొక్కాకి గుచ్చేసింది. నువ్వన్నది అక్షరాలా నిజం, ఆ గదిలో ఇంతమందిమి ఉండి ఆవిడని ఎవరమూ అడగలేదు. ఇవాళ పొద్దున ఆయన్ని తన ఇంటికే తీసుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వదిలాడు. ఆవిడ మూటలు సర్దుకుని నా పక్క నుంచే వెళ్ళింది, చూడకుండా.

బావ సంగతి ఏం రాయాలో తెలియట్లేదు. నాలుగు ముద్దలు ఎక్కువ తినమని వేళాకోళం చేశానే నేను. అది నీతో అన్నానే. నోరు లేనివాళ్ళ మనసు కనిపెట్టే చదువు చదువుతున్నాను, నోరున్న అక్క రాసిన ఉత్తరాలు చదివి ఒక్క ముక్క కనిపెట్టలేకపోయాను. నువ్వు నిచ్చెన ఎవరూ పట్టుకోనక్కర్లేదని రాసినప్పుడైనా అనుమానం రావాల్సింది. నాకు నా గొడవే లోకమైపోయింది.

వచ్చేస్తున్నాను. ఈసారి వద్దనకు.

నీ చెల్లి


ఇల్లు
శుక్రవారం

చెల్లీ,

ఇంకెంత, చివరికొచ్చేసింది. పూర్తి చేసుకునే రా. ఇప్పుడు వదిలేస్తే నేను ఇన్నాళ్ళు దాచినదంతా దండగ. మొన్న కోపంలో ఏదేదో రాశాను. అవన్నీ నీ మీద కాదు.

నీకు తెలిసిపోయింది కాబట్టి ఇప్పుడు నీ ఉత్తరాలు మీ బావకి మొదటి నుంచీ చదివి వినిపిస్తున్నాను. డాక్టరు తలుపు మూసొచ్చాడన్న చోట చాలాసేపు నవ్వారు. పడ్డ తరవాత ఆయన నవ్వడం అదే మొదలు. లిఫ్టాయన ఎలా ఉన్నాడో రాయమంటున్నారు.

అక్క


హాస్టల్
గురువారం

అక్కా, బావా,

ఇవాళ లిఫ్టాయన ఇంటికి వెళ్ళొచ్చాం, మేడమూ నేనూ. పేషెంటు ఇంట్లో ఎలా ఉన్నాడో ఒకసారి చూసి రాస్తే నా పని ముగిసినట్టే.

మెట్లు ఇరుకు. కుర్చీలో కూర్చోబెట్టి పక్క వాటాలవాళ్ళు మోసుకెళ్ళారట, గోడ మీద సున్నం రాలిన గీతలు ఉన్నాయి. గది శుభ్రంగా ఉంది. మంచం కిటికీ పక్కన వేశారు. ఆయనకి గడ్డం గీసి ఉంది, ఉతికిన చొక్కా వేసి ఉంది. ఆవిడ నడుముకి పట్టీ కట్టుకుంది. కుట్టాల్సిన చొక్కాలు మూలన కుప్పగా పడి ఉన్నాయి, సూది పట్టుకునే తీరిక ఉన్నట్టు లేదు. మాకు కుర్చీలు వేసింది, టీ ఇచ్చింది. నేను ఆవిడని "మీకెలా ఉంది?" అని అడిగాను. ఆవిడ నావైపు తిరిగి, "ఇప్పుడు అడిగావా" అంది.

మేము ఉండగానే ఆయన్ని కుర్చీలోకి మార్చాల్సి వచ్చింది. నేను లేవబోతే ఆవిడ వద్దంది, రోజూ నువ్వుంటావా అంది. ఎత్తేటప్పుడు ఆవిడ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. మూలుగు కూడా కాదు. దాన్ని పళ్ళ మధ్యే నొక్కేసింది. నేను ఆయన ముఖం చూస్తున్నాను. ఆయన ఆ చప్పుడు విన్నాడు.

కుర్చీలో కూర్చున్నాక ఆయన నా సంచీ వైపు చెయ్యి చాపాడు. ఇచ్చాను. ఎడమ చేత్తో వెతికి వెతికి ఆ రెండు ఫోటోలు బయటికి తీశాడు. తన ఇంటి ఫోటో నా ఒళ్ళో పెట్టేశాడు. కొడుకింటి ఫోటో గుండెకి ఆనించుకున్నాడు. మేడమ్ నాకు కనుసైగ చేశారు. అడిగాను. "మీ అబ్బాయి దగ్గరికి వెళ్తారా?" తల ఊపాడు. "ఇక్కడే ఉంటారా?" అని తిప్పి అడిగాను. ఆయన తల కాసేపు కదల్లేదు. తరవాత మెల్లగా, బరువైన వస్తువు జరుపుతున్నట్టు, ఒకసారి అటు, ఒకసారి ఇటు. జబ్బు చేశాక ఆయన కాదనడం ఇదే మొదటిసారి. వార్డులో ఆ చివరి రోజుల్లో, ఎలా అనాలో రోజూ అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పింది నేనే.

ఆవిడ మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది. "వద్దు, నేను చేసుకోగలను" అంది ఆయనతో. ఆయన మళ్ళీ తల అటూ ఇటూ ఆడించాడు. ఆవిడ నావైపు తిరిగి, "ఇంకోసారి అడుగమ్మాయీ, సరిగ్గా అడుగు, తిప్పి అడుగు" అని నా చెయ్యి పట్టుకుంది. అడిగాను. మార్చి మార్చి అడిగాను. అదే జవాబు. అప్పుడు ఆవిడ నేల మీద కూర్చుని, మేము ఉన్నామని కూడా చూడకుండా ఏడ్చింది. ఆయన ఎడమ చేత్తో ఆవిడ తల నిమురుతూ "తలుపేయండి, తలుపేయండి" అంటూ ఉన్నాడు. మేము లేచి వచ్చేశాం.

ఆదివారం కొడుకు వచ్చి తీసుకెళ్తాడు. హాస్టల్ గేటు దగ్గర మేడమ్, "నువ్వు పాసయ్యావు" అన్నారు. కోటు వార్డెన్‌కి ఇచ్చేశాను. వచ్చే గురువారం మన ఇంట్లో ఉంటాను.

మీ
చెల్లి


ఇల్లు
శనివారం

చెల్లీ,

ఆ ఉత్తరం మీ బావకి చదవకుండా ఉండాల్సింది. రోజూ అలవాటైపోయి, ముందు నేను చదువుకోకుండానే పైకి చదివేశాను. మధ్యలో ఆపుదామనుకున్నాను, ఆయన ఆపనివ్వలేదు. చివరిదాకా విన్నారు. "నన్ను మా అన్నయ్య వాళ్ళింటికి పంపెయ్యి. అక్కడ మగపిల్లలున్నారు, ఎత్తడానికి ఇబ్బంది ఉండదు" అన్నారు. ఏదో బోర్డుకి కొలతలు చెబుతున్నట్టు మామూలుగా అన్నారు.

నీకొక్కదానికే రాస్తున్నాను, ఇది ఆయనకి చదవను. ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది బాధ కాదు. తేలిక. నెత్తి మీంచి ఎవరో బరువు దించినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ తరవాతే ఏడుపు వచ్చింది, ఆ తరవాతే "మీకేమైనా మతి పోయిందా" అని అరిచాను. కానీ ఆయన నా ముఖమే చూస్తున్నారు. అక్షరం నూలు పోగంత వంకర ఉన్నా దూరం నుంచే పట్టేసే కళ్ళు అవి. మొదట వచ్చింది ఏదో ఆయన చూసేశారు. నేను అరిచిందీ ఏడ్చిందీ అంతా విని, "సరే, నీ ఇష్టం" అని నవ్వారు.

అప్పటి నుంచి నాతో ఎంతో బాగా ఉంటున్నారు. దేనికీ పిలవట్లేదు. నేను వెళ్ళేసరికి దాహం వేసి కూడా అడక్కుండా పడుకుని ఉంటున్నారు. ఎత్తబోతే చేతులు నా మెడ చుట్టూ వేయట్లేదు, పలక అంచు పట్టుకుని తనే జరగాలని చూస్తున్నారు. వద్దంటే వినట్లేదు. పంపనని చెప్పాను, చెబుతూనే ఉన్నాను. అది నిజమే. కానీ ఆ మొదటి క్షణం కూడా నిజమేనే, దాన్ని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియట్లేదు.

ఇన్నాళ్ళూ రావద్దు రావద్దు అని రాశాను. గురువారం దాకా ఆగకు. ఈ ఉత్తరం అందిన రోజే బస్సెక్కు. వచ్చి ఆయన్ని ఏమీ అడగొద్దు, నన్నూ ఏమీ అడగొద్దు. కొట్టు మూసి ఉంటుంది, అక్కడ దిగకు. నేరుగా ఇంటికి రా.

అక్క